రెండు పిచికారీల జాలి

ఆ రోజు అప్పలసూరి ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. ఒక చెంప గీసుకుని, రెండో చెంప మీద సబ్బు నురగతో అప్పలసూరి. పొయ్యి మీద ఎండు నెత్తళ్ల పులుసు పెట్టి, మూత తియ్యాలా వద్దా అని ఆలోచిస్తున్న అతని భార్య సన్యాసమ్మ. పంచలో నులక మంచం దిగి, దగ్గుతూ లోపలికొచ్చి కూర్చున్న తల్లి అసిరమ్మ. పాత బట్టలకి ప్లాస్టిక్ బిందెలిచ్చే పోలమ్మ. ఆమె అప్పలసూరి ఫ్యాంటుని రెండు చేతులతో వెలుతురుకి ఎత్తిపట్టి, చిరుగులు వెతుకుతోంది. మూల గంప కింద పొదుగుతున్న కోడిపెట్ట. కరెంటు లేదు. అది ఇంట్లో లేనివాటి లెక్కలోకి వస్తుంది గాని, దాన్ని కూడా గుర్తు పెట్టుకోవడం మంచిది.

వీళ్లు కాక, ధాన్యం బస్తాల వెనక దమయంతి.

దమయంతి అప్పలసూరి కూతురు. పదో తరగతి. ఇంటికి ఎవరైనా వస్తే ముందు బస్తాల వెనక్కి వెళ్తుంది, ఆ తర్వాత ఎవరొచ్చారో చూస్తుంది. బడిలో హాజరు పిలిచినప్పుడు ఆ పిల్ల పెదాలు కదిలాయో లేదో చూసి మాస్టారు గుర్తు పెట్టుకుంటారు. అందుకే ఆ రోజు గుమ్మం ముందు జీపులు వరసగా ఆగినప్పుడు, ఇంట్లో ఎవరెవరున్నారో రాసుకున్న మేడమ్ చేతికి దమయంతి పేరు అందలేదు. కోడిపెట్ట పేరు కూడా అడిగి రాసుకున్న మనిషి ఆవిడ.

వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో చెప్పే ముందు, ఇంటి ముందున్న కరెంటు స్తంభం గురించి చెప్పాలి. పోయిన తుపానుకి అది వంగింది. అప్పట్నించీ సరిగ్గా అసిరమ్మ మంచం వేసుకునే పంచ మీదికి, చెవిలో ఏదో రహస్యం చెప్పబోతున్న మనిషిలా వంగి ఉంది. గాలి వేస్తే తీగలు మూలుగుతాయి. నాయనమ్మ పక్కనే పడుకునే దమయంతి ఆ మూలుగు విన్నప్పుడల్లా లేచి కూర్చుని స్తంభం వైపు చూస్తుంది. కాస్త లోపల పడుకోవే అని ఎంతమంది చెప్పినా అసిరమ్మ వినదు.

"నా మంచం నానెందుకు కదపాల? అడ్డంగా వొంగింది అదీ. ఆల స్తంబం ఆలే కదుపుకోమను," అంటుంది.

'ఆలు' అంటే కరెంటు వాళ్లు. అప్పలసూరి అర్జీలు పెట్టాడు. ఏఈ త్రినాథరావు గారు ప్రతిసారీ ఒకటే చెప్పారు. స్తంభం సరి చెయ్యాలంటే లైన్లో కరెంటు ఆపాలి, ఆపాలంటే అంచనా వెయ్యాలి, అంచనాకి మంజూరు కావాలి, మంజూరుకి పైనుంచి కాగితం రావాలి. పైనుంచి రాగలిగింది ఇప్పటికి స్తంభం ఒక్కటే. మళ్లీ తుపానుల నెల దగ్గరపడుతోంది.

ఇంతకీ జీపుల్లోంచి దిగినవాళ్లు స్తంభాన్ని చూసి చాలా సంతోషించారు.

"అద్భుతం. మండలంలో ఇంతకన్నా దయనీయమైన అర్జీ లేదు," అన్నారు ముందు దిగిన పెద్దాయన. ఆయన కరుణా పరిశోధన సంస్థ డైరెక్టరు, డాక్టర్ వైకుంఠరావు గారు. గుమ్మంలో నిలబడి, సగం గడ్డంతో ఉన్న అప్పలసూరికి సభలో చెప్పినట్టు చెప్పారు. "ప్రజల అర్జీల పట్ల అధికారులలో తదనుభూతి కొరవడినట్లు ప్రభుత్వం వారు గుర్తించియున్నారు. తదనుభూతి అనగా ఎదుటివారి బాధ తన బాధగా తోచుట. సదరు లోటును ముక్కు ద్వారా భర్తీ చేయుటకు నిర్ణయించడమైనది."

అధికారులకి జాలి లేదన్న సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అది మందు వేసుకోకపోవడం వల్లనని మాత్రం అప్పుడే తెలిసింది.

"ఏటి మందు బాబూ?" అంది అసిరమ్మ.

"ఆక్సిటోసిన్ అనే హార్మోను. ముక్కులో రెండు పిచికారీలు కొట్టిన పిమ్మట హృదయం ద్రవించును."

అసిరమ్మ దగ్గు ఆపేసింది. "ఆ సూదిమందేటి? గేదికి పొడిస్తే సేపుకొచ్చి, దూడ లేకపోయినా పాలు దించేస్తాది, అదేనా? అది పొడిసినాడని మా సత్తిగాడి మీద కేసెట్టినారు గదా బాబూ!"

"అది ఇంజెక్షన్. ఇది స్ప్రే," అన్నారు డైరెక్టరు గారు. తేడా తేలిపోయింది.

ఆయన వెనక గణాంకాధికారి వసుంధర మేడమ్ ఉన్నారు. ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు రాసుకున్నది ఆవిడే. ఆవిడ వెనక, జాలి పెంచవలసిన అధికారులు వరసగా ఉన్నారు. అందులో ముందు వరసలో ఏఈ త్రినాథరావు గారు, తహసీల్దారు విశాలాక్షి గారు.

"భయపడకండి, ఎవర్నీ ఎవరితోనూ పోల్చం," అన్నారు వసుంధర మేడమ్ ఆఫీసర్లతో. "ఎవరికి వారినే పోలుస్తాం. దీన్ని జత పరీక్ష అంటారు. మందుకి ముందు ఇవాళ మీ జాలికి మీరే ఒక మార్కు వేసుకుంటారు. నెల తర్వాత, ఇవాళ్టి జాలి పూర్తిగా ఆరిపోయాక, మందు వేసి ఇంకో మార్కు. అదే మనిషి, అదే బాధ. రెంటికీ మధ్య తేడా ఎంతుందో చూస్తాం. తేడా గట్టిగా ఉంటే మందు పనిచేసినట్టు."

ఏఈ గారు చెయ్యెత్తారు. "మేడమ్, ఒకవేళ ఇవాళే ఎక్కువ మార్కులొస్తే?"

"అప్పుడు తేడా తగ్గిపోతుందండి."

"అంటే మందు పనిచెయ్యనట్టు?"

"అంతే కదండీ."

డైరెక్టరు గారి ముఖం మాడిపోయింది. రాష్ట్రమంతటికీ సరిపడా సీసాలు అప్పటికే కొనేసి ఉన్నారు. గొంతు సవరించుకున్నారు. "కావున అధికారులందరూ నేడు తమ సహజ స్థితిలోనూ, సాధ్యమైనచో అంతకంటే కొంత దిగువనూ ఉండవలసిందిగా కోరడమైనది."

ఒక పని బాగా చేతనైనవాళ్లని అదే పని చెయ్యమంటే ఎలా ఉంటుందో అలా వెలిగాయి ఆఫీసర్ల ముఖాలు.

గుమ్మం దగ్గర అప్పటికే ఊళ్లోవాళ్లు మూగారు. దారి చూపించడానికి జీపుల ముందు సైకిలు తొక్కుకుంటూ వచ్చిన లైన్‌మన్ పైడిరాజు, చెమట తుడుచుకుంటూ, "సారూ, కాసిని మంచినీళ్లు తాగి..." అంటూ గడపలో కాలు పెట్టాడు. ఏఈ గారు డైరెక్టరు గారి వైపు ఒకసారి చూసి, పైడిరాజు ముఖం మీద తలుపు ధనామని వేసేశారు. గోడకున్న దేవుడి పటం పక్కకి ఒరిగింది.

"చక్కటి ప్రారంభం," అన్నారు డైరెక్టరు గారు.

ఆఫీసర్ల వేళ్లకి బట్టల క్లిప్పుల్లాంటివి తగిలించారు. వాటి తీగలు ఒక చిన్న పెట్టెలోకి వెళ్లాయి. అప్పలసూరిని బాధ చెప్పమన్నారు. అతను చెప్పాడు. తుపాను, స్తంభం, తల్లి మంచం, తీగల మూలుగు. చెప్తుంటే సబ్బు నురగ ఆరి చెంప తెల్లగా బిగుసుకుపోయింది. బస్తాల వెనక దమయంతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ జాలి ఎవరి ఖాతాలోనూ పడలేదు.

"మీ ఇంటి మీద స్తంభం ఒక్కటే వంగింది. మా ఆఫీసు మీద కలెక్టరేటు మొత్తం వంగి ఉంది. నేనెవరికి చెప్పుకోను?" అన్నారు తహసీల్దారు విశాలాక్షి గారు. పెట్టె మీద ముల్లు కదల్లేదు.

"వంగితే మీకు భయం. మరి ఇన్నేళ్లూ నిటారుగా నిలబడ్డప్పుడు దాని నడుం నొప్పి ఎవరైనా అడిగారా?" అన్నారు ఏఈ గారు. మార్కుల కాగితం చేతికి రాగానే, "మేడమ్, మైనస్ వెయ్యొచ్చా?" అన్నారు.

"సున్నా దాకానే ఉందండి."

"అన్యాయం," అంటూ సున్నా చుట్టారు.

ముందు రాత్రే చదువుకుని వచ్చినట్టు అందరూ సున్నాలే చుట్టారు. చేపల శాఖ ఆయనొక్కడు పొరపాటున ఒకటి వేసి, మిగతావాళ్లు చూసిన చూపుకి కొట్టేశాడు.

తలుపు తీశాక అప్పలసూరి అడిగాడు. "మరి స్తంబం ఎప్పుడు సరి సేస్తారు బాబూ?"

డైరెక్టరు గారు అదిరిపడ్డారు. "సరి చేయుటా? సరి చేసినచో నెల తర్వాత మీ వద్ద బాధ ఏది? బాధ లేనిచో రెండవ మార్కు దేనికి? మీ అర్జీ ఇకమీదట అర్జీ కాదు, పోల్చి చూచుటకు ఉంచవలసిన మొదటి కొలత. అనగా బేస్‌లైన్."

పోతూ పోతూ స్తంభానికి ఒక రేకు కట్టించారు. 'ఈ స్తంభము పరిశోధనలో ఉన్నది. నిటారుగా చేయరాదు.'

*

ఆ నెలంతా అప్పలసూరి ఇంటికి వసుంధర మేడమ్ నుంచి సూచనలు వస్తూనే ఉన్నాయి. పరీక్ష రోజున అంతా మొదటి రోజులాగే ఉండాలి. అప్పలసూరి ఒక చెంపే గీసుకుని ఉండాలి. పొయ్యి మీద ఎండు నెత్తళ్లే ఉడకాలి, వంకాయ కుదరదు. అసిరమ్మకి దగ్గు తగ్గితే వెంటనే కబురు చెయ్యాలి. పోలమ్మ ఫ్యాంటు బేరం అప్పటిదాకా తేలకూడదు.

"తేలకపోడవేటమ్మా! ఆ ఫేంటుకి సిన్న బిందె ఇత్తానన్నాను, ఈవిడ పెద్ద బిందె అంతాది," అంది పోలమ్మ, కబురు విని పరిగెత్తుకొచ్చి. "నెల్లాళ్లు నా బిందె ఈలింట్లో ఊరికే ఉంతాదేటి?"

"ఉండనీ. మా ఆయన ఫేంటు నీ మూటలో నేదేటి? నా మొగుడు లుంగీతో తిరుగుతన్నాడు," అంది సన్యాసమ్మ.

మధ్యలో లైన్‌మన్ పైడిరాజు మనసు ఊరుకోక, అసిరమ్మని చూసి, స్తంభాన్ని వెనక్కి లాగి ఒక తాడు కట్టాడు. స్తంభం కాస్త లేచింది. దమయంతి ఆ రాత్రి లేవకుండా నిద్రపోయింది. మర్నాడే మేడమ్ జీపు దిగి, పెద్ద కోణమానినితో స్తంభం వంపు కొలిచి, నెత్తి కొట్టుకున్నారు. "బాధ తగ్గిపోయిందయ్యా! ఎవడు తగ్గించాడు?"

తాడు వదులు చేయించారు. స్తంభం మళ్లీ చెవిలో చెప్పే దాకా వచ్చి ఆగింది.

తర్వాత రెండు రోజులు వాన కురిసింది. నేల మెత్తబడి స్తంభం ఇంకా వంగింది. ఈసారి మేడమ్ వెంట ఏఈ గారు కూడా వచ్చారు. "బాధ పెరిగిపోయింది. ఇది కూడా తప్పే," అన్నారు మేడమ్. ఏఈ గారు ఫోను తీసి లైన్లో కరెంటు ఆపించారు. అంచనా లేదు, మంజూరు లేదు. మనుషులొచ్చారు, కప్పీ వచ్చింది, మోకులొచ్చాయి. మేడమ్ కోణమానిని పట్టుకుని "ఇంకాస్త... ఇంకాస్త... ఆపండి!" అన్నారు. మొదటి రోజు వంపు దగ్గర స్తంభం ఆగిపోయింది.

"సారూ, ఆ సేత్తోనే ఇంకో నాలుగు లాగులు లాగితే నిలబడిపోద్ది గదా," అన్నాడు అప్పలసూరి.

"నిలబెట్టడానికి మంజూరు కావాలి. వంచి ఉంచడానికి ఉంది," అన్నారు ఏఈ గారు. కప్పీ, మోకులు మళ్లీ అవసరం పడవచ్చని అప్పలసూరి పెరట్లోనే పెట్టించారు.

బేస్‌లైన్ అన్న మాట మండలం ఆఫీసుల్లో అందరికీ తెగ నచ్చింది. బోరు పాడైందని వచ్చినవాళ్లకి, అది బేస్‌లైన్లో ఉంది ముట్టుకోకూడదన్నారు. బడి పైకప్పు కారుతోందని వెళ్లిన హెడ్మాస్టారుతో, కారుతున్నదాన్ని సగంలో ఆపితే తర్వాత దేనితో పోలుస్తామని ఇంజనీరు గారే ఎదురడిగారు. ఒక గుమాస్తా బల్ల మీద 'ఇచ్చట బాధలు యథాతథంగా భద్రపరచబడును' అని రాయించి పెట్టుకున్నాడు. జనం నమస్కారం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. అంత సైన్సు చెప్తుంటే ఎదురు మాట్లాడ్డం ఎలాగో ఎవరికీ తెలియలేదు.

దమయంతి మాత్రం పెరట్లో ఉన్న కప్పీని చూస్తూ ఉండేది. బడికి వెళ్తూ చూసేది, వస్తూ చూసేది. ఎక్కువ మాట్లాడనివాళ్లకి ఒక సౌకర్యం ఉంది. మాట్లాడే టైమంతా మిగిలిపోతుంది, దాన్ని ఆలోచించడానికి వాడుకోవచ్చు.

పరీక్షకి ముందు రోజు మధ్యాహ్నం పైడిరాజు స్తంభం కింద బీడీ కాల్చుకుంటున్నాడు. దమయంతి బిందె పట్టుకుని కుళాయికి వెళ్తూ అతని ముందు ఆగింది. ఆ పిల్ల తన ముందు ఆగడం అదే మొదటిసారి కాబట్టి, పైడిరాజు బీడీ పారేసి లేచి నిలబడ్డాడు.

"మావా," అంది దమయంతి నేల చూస్తూ. "రేపు కరెంటు ఆపుతారు గదా?"

"ఆపాల గదా మరి. ఆ రోజు నేదు కాబట్టి రేపూ ఉండకూడదంట. ఏఈ గారు కాయితం రాసి నాకే ఇత్తారు. తలుపు తీసీదాకా కరెంటు ఇవ్వొద్దని."

"తలుపేసీసినాక మద్దిలో తియ్యరు గదా?"

"తీస్తే పరీచ్చ పోద్దంట. బయట పిడుగు పడినా తియ్యొద్దని ఆ మేడమ్ సెప్పింది." అంటూ పైడిరాజు ఆగిపోయాడు. పెరట్లో కప్పీ వైపు చూశాడు. స్తంభం వైపు చూశాడు. దమయంతి వైపు చూశాడు. "ఒలమ్మో! గుంటా! ఏటంతన్నావు నువ్వు?"

దమయంతి అనవలసింది అయిపోయింది.

"నన్ను సంపీగలరు. నాకు పిల్లలున్నారే." పైడిరాజు అటూ ఇటూ తిరిగాడు. మళ్లీ కప్పీ వైపు చూశాడు. "మనుసులకేం, మన ఈది కుర్రోలు సాలు. స్తంబం మొదట్లో ఏసీడానికి రాళ్లున్నాయి. గంట సాలు..." మళ్లీ భయపడ్డాడు. "కాదు గానీ, మీ ఇంటోలు ఒకలు బయట ఉండాల. మా ఇంటికాడ స్తంబం మేవే సరి సేయమన్నాం అని నిలబడాల. నేకపోతే రేపు 'ఎవులు సెప్తే లాగినావురా' అంటే నానేటి సెప్పను? మీ ఇంటోలందరూ లోనుండాల గదా రేపు. పేర్లున్నాయి."

"నా పేరు నేదు," అంది దమయంతి.

ఆ మాట అని నీళ్లు పట్టుకోకుండానే ఇంటికి పరిగెత్తింది. సంగతి నాయనమ్మకి ఒక్కదానికే చెప్పింది. మంచం మీద అసిరమ్మ చాలాసేపు నవ్వింది, దగ్గొచ్చినా ఆపలేదు. చివరికి, "రేపు ఆలు నిన్నూ లోనికి తోలితే, బయటికి పంపమని ఆలతో నువ్వే సెప్పుకోవాల. నాను సెప్తే ముసిల్ది ఏటో వాగుతందంతారు. నోరు పెగుల్తాదా మరి?" అంది.

దమయంతి ఖాళీ బిందె పట్టుకుని మళ్లీ కుళాయికి వెళ్లింది.

*

పరీక్ష రోజు పెరట్లో ఆఫీసర్లని కుర్చీల్లో కూర్చోబెట్టి తలలు వెనక్కి వాల్చమన్నారు. డైరెక్టరు గారు స్వయంగా ఒక్కొక్కరి ముక్కులో రెండేసి పిచికారీలు కొట్టారు. ఏఈ గారు పైడిరాజు చేతిలో కరెంటు ఆపే కాగితం పెట్టారు. మందు ఎక్కడానికి కాసేపు పడుతుందన్నారు. ఊరంతా గట్ల మీద నిలబడి ఆఫీసర్ల ముక్కుల వైపే చూస్తోంది.

ముందు తహసీల్దారు గారి గడ్డం వణికింది. ఏఈ గారి వైపు తిరిగారు. "త్రినాథరావు గారూ, మిమ్మల్ని మూడేళ్లలో నాలుగు చోట్లకి మార్చారు కదూ?"

"మీకెలా తెలుసు మేడమ్?" అన్నారు ఏఈ గారు. చేత్తో కళ్లు ఒత్తుకున్నారు. "నాలుగో చోట క్వార్టర్సులో కుళాయి కూడా లేదండి."

"అయ్యో! కుళాయి లేదా!"

తహసీల్దారు గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. చేపల శాఖ ఆయన వచ్చి ఇద్దరి భుజాల మీదా చేతులు వేశాడు. ఆయనకి పదోన్నతి రాని సంగతి ఎవరో ఎత్తారు. దాంతో కుర్చీలన్నీ దగ్గరికి జరిగాయి. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, డీఏ బకాయిల గురించి, పై ఆఫీసర్ల వీడియో సమావేశాల గురించి చెప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. పెట్టె మీద ముల్లు చివరికంటా వెళ్లి కొట్టుకుంటోంది.

"చూశారా!" అన్నారు డైరెక్టరు గారు, ఆనందం పట్టలేక.

స్తంభం వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

"సేపుకైతే వొచ్చినారు," అంది అసిరమ్మ కోడలితో. "పాలన్నీ ఆల దూడలకే."

ఇంక లోపలికి నడవమన్నారు. వసుంధర మేడమ్ గడపలో నిలబడి పేర్లు పిలిచారు. అప్పలసూరి సగం గడ్డంతో లోపలికి వెళ్లాడు. సన్యాసమ్మ నెత్తళ్ల గిన్నెతో వెళ్లింది. పోలమ్మ ఫ్యాంటు ఎత్తిపట్టుకునే వెళ్లింది. అసిరమ్మ దగ్గుకుంటూ వెళ్లింది. కోడిపెట్ట దగ్గర పని ఆగిపోయింది. గుడ్లు పిల్లలైపోయాయి. గంప చుట్టూ పసుపు పచ్చగా కిచకిచమంటున్నాయి.

"ఇవి ఆ రోజు లేవు," అన్నారు మేడమ్.

డైరెక్టరు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "ఆనాడు గుడ్ల రూపములో గృహమునందే యున్నవి. కావున అనుమతించడమైనది."

కోడిపిల్లలు లోపలికి వెళ్లాయి.

దమయంతి అప్పటికే లోపలుంది. అదీ వచ్చిన చిక్కు. పెరట్లో అంతమంది ఆఫీసర్లని చూసేసరికి తనకి తెలియకుండానే కాళ్లు బస్తాల వెనక్కి తీసుకుపోయాయి. ఎవరూ చూడలేదు. ఎప్పుడూ చూడరు. ఆఫీసర్లు ఒకరి కన్నీళ్లు ఒకరు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. ఏఈ గారు తలుపు దగ్గరికి వెళ్లారు. మొదటి రోజు తలుపు వేసింది ఆయనే కాబట్టి ఇవాళ కూడా ఆయనే వెయ్యాలి. తలుపు సందులోంచి దమయంతికి బయట పైడిరాజు కనిపించాడు. మోకు భుజాన వేసుకుని, కాగితం చేత్తో పట్టుకుని, ఇంటివైపే చూస్తున్నాడు. అతని వెనక వీధి కుర్రాళ్లు రాళ్ల మీద కూర్చుని ఉన్నారు. ఇంట్లోవాళ్లు ఒక్కరూ బయట లేకుండా తలుపు మూసుకుంటే వాళ్లు కూడా లేచి వెళ్లిపోతారు. మళ్లీ గాలి వేస్తుంది, మళ్లీ తీగలు మూలుగుతాయి, నాయనమ్మ మంచం మాత్రం అక్కడే ఉంటుంది.

దమయంతి బస్తాల వెనక నుంచి బయటికొచ్చింది. "నా పేరు లేదండి," అంది.

ఆ మాట పెదాలు దాటలేదు. నెత్తళ్లు ఉడికే చప్పుడు అంతకన్నా పెద్దగా ఉంది. ఏఈ గారు తలుపు మీద చెయ్యి వేశారు.

అప్పుడు అసిరమ్మ దగ్గు ఆపేసింది. వసుంధర మేడమ్ కంగారుగా, "మామ్మగారూ, దగ్గండి, దగ్గు బేస్‌లైన్లో ఉంది," అన్నారు. అసిరమ్మ దగ్గలేదు. మనవరాలి వైపే చూస్తోంది.

"నా పేరు లేదండీ!" అంది దమయంతి.

ఈసారి గంప కింద కోడి కూడా తల ఎత్తింది. ఇంత గొంతు ఆ పిల్లకి ఉందని సన్యాసమ్మకే తెలియదు. మేడమ్ కాగితం పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశారు. ముఖం పాలిపోయింది.

"ఎవరమ్మా నువ్వు? ఆ రోజు ఎక్కడున్నావ్?"

దమయంతి చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం ఆడడం ఇష్టం లేదు. కాసేపు వెతికితే నిజమే దొరికింది. "నన్ను ఎవరూ చూడలేదండి."

"మా గుంటేనండి. ఉండనీండి, నోట్లో నాలిక లేని పిల్ల," అంది సన్యాసమ్మ.

"వీలు లేదు," అన్నారు డైరెక్టరు గారు. "చూడబడనిది లెక్కలోకి రాదు. ముందు లేని మనిషి తర్వాత ఉన్నచో జత కుదరదు. ఈ అమ్మాయిని తక్షణము బయటికి పంపవలెను. పరీక్ష ముగియువరకు ఏమైనను తలుపు తెరవరాదు."

ఏఈ త్రినాథరావు గారు వచ్చి దమయంతి తల మీద చెయ్యి పెట్టారు. కళ్ల నిండా నీళ్లు. "తన ఇంట్లోంచి తననే పంపించేస్తున్నాం, పాపం," అంటూ గడప దాకా నడిపించారు. జేబురుమాలు తీసి చేతిలో పెట్టారు. "ఎండగా ఉంది, నెత్తిన వేసుకో తల్లీ." గడప దాటించాక తల బయటికి పెట్టి పైకి చూశారు. ఆ రోజు ఆయన స్తంభాన్ని చూడడం అదే మొదటిసారి.

"అమ్మా, ఆ స్తంభం కింద మాత్రం నిలబడకు. పడిపోయేలా ఉంది."

"సరేనండి," అంది దమయంతి.

అవతల పైడిరాజు అరచేతుల్లో ఉమ్మి వేసుకుని మోకు అందుకున్నాడు. కుర్రాళ్లు లేచారు.

"వేలు తియ్యమ్మా, నలుగుతుంది," అన్నారు ఏఈ గారు. నెల కిందట దేవుడి పటం ఒరిగిపోయేలా పడిన ఆ తలుపునే, అదే చేత్తో, గడియ చప్పుడు కూడా కాకుండా, ఎంతో జాలిగా ఆ పిల్ల ముఖం మీద మూసేశారు.